ఇంటికి వచ్చిన పరభాషలు

అర్థము కాని భాషలో మాటలాడు పెట్టెను ఇంట నుంచుకొనుట ధనవ్యయమే గాని వేఱొకటి గాదని పలువురి మతము. "మన పిల్లలకు తెలుగే సరిగా రాకున్నది, జర్మను, ఫ్రెంచి, పోర్చుగీసు ఛానెళ్లు ఎవరికోసమండీ?" అని 1996లో రాజమహేంద్రవరమున మా మేడమీద ఎనిమిదడుగుల డిష్షును నిలిపినప్పుడు వీధిలోని పెద్దలు మా నాయనగారి నడిగిరి. ప్రశ్న న్యాయమైనదే. కేబులువాడు నెలకు కొద్దిసొమ్మునకే తెలుగు, హిందీ, ఇంగ్లీషు ఛానెళ్లను గుమ్మములోనికి తెచ్చి యిచ్చుచుండెను. అయినను కేబులువాడు తెచ్చునది వీధి కంతకును నచ్చి, వానికి సొమ్ము తెచ్చిపెట్టునది మాత్రమే. పదిమంది యడుగని భాష వాని తీగపై నెక్కదు. మేడమీది డిష్షునకు ఆ విచారణ లేదు. ఆకాశమునుండి తాళము లేక దిగివచ్చు ప్రసారము నేదైనను అది పట్టును. మా నాయనగారికి దానిపై మోజు కలుగుటకు కారణ మంతమాత్రమే.

ఇందలి యంత్రరహస్యము పెద్దది గాదు. భూమధ్యరేఖకు పైని 35,786 కిలోమీటర్ల యెత్తున నున్న ఉపగ్రహము భూమితోపాటు దినమున కొకసారి తిరుగుటచే మన కంటికి కదలనట్లే యుండును. అంతదూరమునుండి వచ్చు తరంగములు మిక్కిలి బలహీనములు. ఆ వలగిన్నె వానినన్నిటిని ఒక్కచోటికి ప్రోగుచేయగా, దాని నడుమ నుండు ఎల్.ఎన్.బి. యను చిన్నపరికరము వానికి బలము చేకూర్చి క్రిందనున్న రిసీవరునకు పంపును. యూరపు భాషల ఛానెళ్లను తెచ్చుచుండిన ఏషియాసాట్-2 అను నుపగ్రహము 1995లో ఎగురవేయబడినది. మా యూరికి అది ఆగ్నేయమున నుండెడిది. ఆగ్నేయము వంటయింటి దిక్కు గనుక గిన్నె అటు చూచుట శాస్త్రసమ్మతమేయని వాస్తు తెలిసిన మా పొరుగాయన తీర్మానించి, వీధివారి యాక్షేపణలలో ఒకదానిని తగ్గించెను.

ఉపగ్రహములద్వారా లోకమంతటికిని ప్రసారములు చేయవచ్చునని 1945లోనే వ్రాసిన ఆర్థర్ క్లార్కు తరువాత సింహళమున స్థిరపడెను. 1975 ఆగస్టు మొదలు ఒక సంవత్సరము మన దేశమువారు అమెరికా ఉపగ్రహమొకదాని సాయమున ఆరు రాష్ట్రముల పల్లెలకు టెలివిజను ప్రసారములు చేసినప్పుడు, కొలంబోలోని ఆయన యింటను ఒక డిష్షును నెలకొల్పిరి. ఆ ప్రసారములలో తెలుగును గలదు. అనగా ఆ యింట మన తెలుగే పరభాష! ఆయన దానిని వ్యర్థమని కట్టివేసెనో, ముఖములైన చూతమని కూర్చుండెనో యని నాకప్పుడప్పుడు తోచుచుండును.

ముఖములు చూచుటలో మా మేనత్తగారిని మించినవారు లేరు. ఆమె పదునాల్గవ యేట భర్తను గోల్పోయి పుట్టింటనే యుండిపోయిరి. తెలుగు చక్కగా చదువుదురు. అన్యభాష యొక్కటియు రాదు. 1881 డిసెంబరు 11వ తేదీన వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతువివాహమును జరిపించిన యూరిలోనే, నూఱేండ్లు దాటిన తరువాతను, ఆమె ఇంట శుభకార్యము జరిగినప్పుడు వంటయింటి గుమ్మముకడనే నిలుచుండెడివారు. ఎవరును ఆమెను పొమ్మనలేదు. అనవలసిన యవసరము లేకుండెను.

రాత్రి భోజనములైన పిమ్మట అందఱమును ఒక్కగదిలో కూర్చుండి చూచెడివారము. పిల్లలు క్రికెట్టుకై గిన్నెను త్రిప్పుడని గోల చేయుచుండగా, మేనత్తగారు పోర్చుగీసు ఛానెలు నుంచుమనెడివారు. ఎవరెవరి ప్రక్కన కూర్చుండిరి, రొట్టె ముందుగా ఎవరికి పెట్టిరి, ముసలివారు మాటలాడునప్పుడు పిన్నలెటు చూచుచుండిరి, ఇట్టివి యామెకు కనబడినట్లు మాలో నెవరికిని కనబడలేదు.

ఒకనాడు ఏదో పల్లెలోని పెండ్లి చూపిరి. చర్చిలో మొదటి వరుసను, తలనుండి పాదములవఱకు నల్లబట్టలు ధరించిన వృద్ధురా లొకతె కూర్చుండెను. వరుడు వచ్చి యామె చేతిని ముద్దుపెట్టుకొనెను.

"ఒరే అబ్బాయీ, ఆవిడకు భర్త లేడు కాబోలురా?" అని మేనత్తగారు నన్నడిగిరి. ఆ దేశపు పల్లెలలో భర్త పోయిన స్త్రీలు నల్లబట్ట కట్టుట వాడుకయని చదివియుంటిని గనుక ఆ మాటయే చెప్పితిని.

ఆమె కొంతసేపూరకుండి, "మఱి ముందు కూర్చోబెట్టారే!" అనిరి.

"వాళ్ల ఆచారం వాళ్లది, వదినా" అని మా తల్లిగారనిరి.

"అవునమ్మా. జన్మమంతా నల్లగుడ్డ కట్టమనడమూ వాళ్ల ఆచారమే. అదీ చూశాను."

పరదేశపు ఛానెళ్లవలన స్త్రీలు చెడుదురని భయపడినవారు ఆ రాత్రి మా యింట నుండిన బాగుండెడిది. ఆ వృద్ధురాలు నిజముగా వితంతువో, మఱియొకరికై శోకమున నుండెనో చెప్పుటకు మాకు భాష చాలదు. మేనత్తగారి ప్రశ్న మాత్రము ఆ పల్లెనుగూర్చి కాదని మా నాయనగారికి తెలిసినది. ఆయన పత్రిక చదువుచున్నట్లు తల వంచుకొనియే యుండిరి. పుట మాత్రము త్రిప్పలేదు.

2003 మొదలు మన దేశమున చిన్నగిన్నెలు అమ్మకమునకు వచ్చినవి. కంపెనీవారు కట్టిన మూటలో నున్నదే వానికి వచ్చును. నేడు చేతిలోని ఫోనునందు ఏ భాషనైనను వినవచ్చును గాని, ఎవరి ఫోను వారిది, ఎవరి గది వారిది. మేనత్తగారు ఆ పెండ్లిని ఫోనులో చూచియుండినచో ఆ మాట నాయనగారి చెవిని బడుట కలయే.

1998లో మా చెల్లెలి పెండ్లి జరిగినది. మంగళసూత్రధారణకు ముందు నాయనగారు పీటమీదినుండి లేచి, వంటయింటి గుమ్మముకడకు పోయి, "అక్కా, ముందుకు రా" అనిరి. ఆమె రానని చేయి త్రిప్పిరి. ఆయన అక్కడనే నిలుచుండిరి. పురోహితుడు మంత్రము నాపి, ఒకసారి చూచి, మరల నందుకొనెను. తుదకామె పిడికిట అక్షతలతో వచ్చి మొదటి వరుసను కూర్చుండిరి. మా బంధువులలో నిద్దఱు భోజనము చేయకయే వెళ్లిపోయిరి.