పుచ్చిన మ్రానులోని పచ్చని పిట్ట

మీ పెరటిలో ఎండిపోయిన చెట్టేదైన నున్నదా? ఉన్నయెడల, గొడ్డలి చేతపట్టకముందు ఈ నాలుగు మాటలు చదువుడని వేడుకొనుచున్నాను.

మా యింటి వెనుక ఒక మామిడి మోడు ఉండెను. అది కాపు ఉడిగి చాల యేండ్లయినది. వంటచెరకుకైన పనికివచ్చునని దానిని కొట్టింప దలచితిని. “ఒరే, ఆ మోడు నీకేమి అడ్డమురా? దానిలో చిలుకలు కాపురమున్నవి” అని మా అమ్మ అన్నది. నేను నవ్వి కూలివానిని పిలిపించితిని. చెట్టు కూలగానే తొఱ్ఱలోనుండి ఈకలైన రాని పిల్లలు మూడు నేలమీద పడినవి. అమ్మ వాటిని గంపలో దూదిమీద నుంచి, నానిన శనగపప్పు మెత్తగా నూరి నోటికందించినది. మూడవనాటి ఉదయమునకు ఒక్కటియు మిగులలేదు. పెద్ద చిలుకలు రెండును చెట్టులేని ఆ చోటనే అరచుచు తిరిగినవి. అమ్మ నన్ను ఒక్కమాటయు అనలేదు. ఆ మౌనమే నేటికిని నాకు బరువుగా నున్నది.

కొన్ని యేండ్లకు గ్వాటెమాలా దేశపు తపాలాబిళ్ళ యొకటి నా చేతికి వచ్చెను. దానిమీద ఒక పక్షి. దాని పేరు క్వెట్సల్. 1871లో ఆ దేశము దానిని తన చిహ్నముగా స్వీకరించెను. ఆ దేశపు నాణెమునకును 1925 నుండి దాని పేరే. నేను ఈ పక్షిని కన్నులారా చూడలేదు. చదివి తెలిసికొన్నదే చెప్పుచున్నాను.

దక్షిణ మెక్సికో మొదలు పశ్చిమ పనామా వరకు, నిత్యము మబ్బులు కమ్మియుండు కొండయడవులలో ఇది నివసించును. వీపు పచ్చన, పొట్ట ఎఱ్ఱన. శరీరము మూరెడైనను లేదు గాని, పోతు తోకపై ఈకలు రెండుమూడడుగులు వ్రేలాడును. విచిత్రమేమనగా, ఆ ఈకలలో పచ్చని రంగు లేనేలేదు. వాటి సూక్ష్మమైన నిర్మాణముపై పడిన వెలుగే పచ్చగా మెఱయును. పూర్వము మాయా, అజ్టెక్ ప్రభువులు ఈ యీకలను తలపై ధరించిరి.

ఇంత వైభవముగల పక్షి ఎచ్చట గూడు కట్టుననుకొందురు? పుచ్చిన మోడులో! దాని ముక్కు వడ్రంగిపిట్ట ముక్కువలె గట్టిది కాదు, పచ్చిచెట్టును తొలువజాలదు. చచ్చి మెత్తబడిన మ్రానునే తొలిచి, అందులో లేతనీలపు గ్రుడ్లను ఒకటి రెండు పెట్టును. ఆడుదియు పోతును వంతులవారీగా పొదుగును. ఈ సంగతి చదివిననాడు పుస్తకము మూసి చాలసేపు కూర్చుంటిని. నా కన్నులకు మా మామిడి మోడే కనబడెను.

దాని ముఖ్యాహారము అడవి అవొకాడో పండ్లు. ఈ చెట్లు మన దాల్చినచెక్క కుటుంబమునకు చెందినవి. పక్షి పండును మ్రింగి, గుజ్జు జీర్ణించుకొని, గింజను వేరొకచోట కక్కివేయును. అక్కడ క్రొత్త మొక్క మొలుచును. చెట్టు పక్షిని పోషించును. పక్షి చెట్టును నాటును.

1951లో అమెరికానుండి కొన్ని క్వేకరు కుటుంబములు కోస్టారికాలోని మోంటెవెర్డె కొండకు వలసవచ్చిరి. వారిలో కొందరు యువకులు సైన్యములో చేరనొల్లక చెరసాలకు వెళ్లినవారు. సైన్యమును రద్దుచేసిన దేశమని కోస్టారికాను ఎంచుకొనిరి. పాడిపశువులతో జీవించుచు, తమ నీటి ఊటలు ఎండకుండునట్లు కొండపైని అడవిని కొంత కొట్టక విడిచిరి. 1972లో అచ్చట రక్షితారణ్యము ఏర్పడెను. నీటికొఱకు దాచిన అడవి క్వెట్సల్‌కును ఇల్లయ్యెను.

అయినను అది చాలదని పిమ్మట తెలిసెను. పిల్లలను పెంచిన తరువాత ఈ పక్షులు పండ్లను వెదకుచు, రక్షితారణ్యపు హద్దు దాటి, కొండ దిగువకు పోవుచున్నవి. ఆ దిగువనున్న అడవి రైతుల పొలముల నడుమ ముక్కలుముక్కలుగా మిగిలియున్నది. అక్కడి రైతు ఒక చెట్టును నిలుపుటయు, నఱకుటయు కొండమీది పక్షికి ప్రాణసమస్యయే.

చదువరులారా, మా అమ్మ ఇప్పుడు లేదు. మా చేనిగట్టున తల పోయిన తాటిమోడు ఒకటి మాత్రమున్నది. నిరుడు కూలివాడు, “కొట్టెయ్యమంటారా బాబూ?” అని అడిగెను. వలదంటిని. పనికిరానిదని మీరు తలంచు మోడుక్రింద ఒక్క ఉదయము నిలిచి, మీదికి చూడుడు. ఎవరి కాపురమున్నదో చూచిన పిమ్మట గొడ్డలి సంగతి ఆలోచింతురు గాక.