ఫైటర్ చేపల పెళ్లి పనులు

పెళ్లి ముహూర్తం అరగంటే, దానికి ముందు చాకిరీ మాత్రం నెల రోజులు. ఈ సంగతి ఆడవాళ్లం మనకి వేరే చెప్పాలా! చేపలకీ అంతేనని నాకు ఈ శ్రావణమాసంలో తెలిసింది.

మా పాప తొమ్మిదో తరగతి. నాలుగు నెలలుగా దాని చదువుకునే బల్ల పక్కన చిన్న గాజు తొట్టెలో నీలం రంగు ఫైటర్ చేప ఉంటోంది. షాపుల్లో ఫైటర్ అంటారు గానీ అసలు పేరు బెట్టా. థాయ్‌లాండ్ వాళ్ల చేప. 2019లో వాళ్లు దీన్ని తమ జాతీయ జలచరంగా ప్రకటించుకున్నారు కూడా. అప్పుడప్పుడూ పైకొచ్చి మనలాగే గాలి పీల్చుకుని వెళ్తుంది. ఇంకో మగచేప కంటపడితే మాత్రం పోట్లాటకి దిగకుండా ఊరుకోదు.

"అమ్మా, దీనికి జోడీ తెచ్చి పిల్లల్ని పెట్టిద్దాం" అని మొదలుపెట్టింది మా పాప. నేను అవుననలేదు, కాదనలేదు. "పుట్టిన పిల్లల్ని ఏం చేస్తావు?" అని ఒక్క ప్రశ్న వేశాను. ఎందుకంటే బెట్టా ఒక్క విడతలో వందకి పైగా గుడ్లు పెట్టగలదు. వాటిలో మగపిల్లలు రెండు మూడు నెలలు నిండేసరికి ఒకదాన్నొకటి కొరుక్కోవడం మొదలుపెడతాయి. అప్పుడు ఒక్కోదానికి ఒక్కో సీసా, ఒక్కో సీసాకీ తరచూ నీళ్లు మార్పు. ఆ నీళ్లు మోసేది ఎవరో మీకు చెప్పక్కర్లేదు కదా!

జవాబు తేవడానికి దానికి వారం పట్టింది. క్లాసులో పదకొండు మంది పేర్లు రాసుకొచ్చింది, వాళ్ల అమ్మలు ఒప్పుకున్నారని పక్కన టిక్కులతో సహా. చేపల షాపతను కూడా కొన్ని తీసుకుంటానన్నాడు. నేను పాత పచ్చడి సీసాలు ఇరవై కడిగి అటకెక్కించాను. సంబంధం అప్పుడు ఖాయమైంది.

ఆడచేపని ఎంచేటప్పుడు మగదానికంటే కాస్త చిన్నదీ, రెక్కలు చిరగనిదీ, చురుగ్గా తిరిగేదీ చూసుకున్నాం. పొట్ట కింద ఉప్పు రవ్వంత తెల్ల చుక్క ఉండాలి, గుడ్లు వచ్చేది అక్కణ్ణించే. ఎర్రటి పిల్ల దొరికింది. పాప 'చిట్టి' అని పేరు పెట్టింది. షాపతను మాత్రం "రెండిట్నీ ఒకే తొట్లో వేసేయండి మేడం, అవే చూసుకుంటాయి" అన్నాడు. మేం అప్పటికే చదువుకుని ఉన్నాం కాబట్టి తల ఊపి వచ్చేశాం.

మొదటి రెండు వారాలూ రెండూ వేరు వేరు తొట్లలో ఉండాలి. వాటికి బలమైన తిండి పెట్టాలి. దోమ పిల్లలు వీటికి పరమాన్నంతో సమానమట. డెంగ్యూ రోజుల్లో మేడ మీద బకెట్లో దోమల్ని పెంచనిచ్చేది లేదన్నాను. మరి మిగిలింది గడ్డకట్టించిన బ్లడ్ వర్మ్స్. అవి ఫ్రీజర్‌లో ఉండాలి. మా అత్తయ్యగారు విన్నారు. "పురుగులా! నా పాలగిన్నె ఉండే ఫ్రిజ్‌లోనా!" అని ఆ పూట కాఫీ కూడా తాగలేదు. చివరికి మూత బిగుతుగా ఉన్న డబ్బాలో పెట్టి, దాని మీద ఇంకో కవరు చుట్టి, కింది వాటా వాళ్ల ఫ్రీజర్‌లో పెట్టించాం. రోజుకి రెండు మూడు సార్లు, ఒక్కోసారీ నాలుగైదు పురుగులు మాత్రమే పెట్టాం. మిగిలిపోతే నీళ్లు పాడవుతాయి.

పది రోజులకి చిట్టి పొట్ట గుండ్రంగా తేలింది. వీటికి గుడ్లు ముందే కడుపులో తయారవుతాయి. బయటికి వచ్చాకే మగచేప వాటిని ఫలదీకరిస్తుంది. "పెళ్లికి ముందే సీమంతమన్నమాట" అన్నారు మావారు.

ఈలోగా పెళ్లిపందిరి పని. నలభై లీటర్ల ప్లాస్టిక్ టబ్బులో అయిదారు అంగుళాల లోతే నీళ్లు పోశాం. గుడ్లు కిందకి జారితే తండ్రి చేపే నోటితో ఏరుకొచ్చి పైన గూట్లో పెట్టాలి, లోతు ఎక్కువైతే పాపం అలిసిపోతుంది. అడుగున గులకరాళ్లు వెయ్యకూడదు, గుడ్లు సందుల్లో పోతాయి. కుళాయి నీళ్లు ఒక రోజంతా నిలవ ఉంచి వాడాం. నీళ్ల వేడి 26 నుంచి 28 డిగ్రీలు ఉండాలి, మా ఊళ్లో ఈ కాలంలో దానంతటదే ఉంటుంది. గాలి మోటారు పెట్టలేదు, అల వస్తే నురగ గూడు చెదిరిపోతుంది. వీధి చివర రాలిన ఎండు బాదం ఆకు ఒకటి కడిగి వేశాం. ఒకప్పుడు మనం ఫలహారాలు పెట్టుకు తిన్న ఆకే. దాని రసం దిగి నీళ్లు పల్చటి టీ రంగుకి మారతాయి, బెట్టాలకి అదే హాయి. గూడు అంటిపెట్టుకోవడానికి సగానికి కోసిన థర్మోకోల్ గ్లాసు, చిట్టి దాక్కోవడానికి ఓ మూల గుబురుగా నీటి మొక్కలు.

ఇక అడ్డుతెర కావాలి. రెండూ ఒకదాన్నొకటి చూసుకోవాలి గానీ తాకకూడదు. అత్తయ్యగారి లాంతరు చిమ్నీ అటక మీద దొరికింది. అదే టబ్బు మధ్యలో నిలబెట్టి అందులో చిట్టిని వదిలాం. నీలంగాడు రెక్కలు విప్పి ఒకటే హడావిడి. గంటలో గ్లాసు కింద బుడగలు పేర్చడం మొదలుపెట్టాడు.

చిట్టి మాత్రం ఓ పక్కకి నక్కి కూర్చుంది. దాని ఒంటి మీద తల నుంచి తోక దాకా అడ్డంగా గీతలు తేలాయి. మా పాప నోట్సు తీసి చూసింది. అడ్డగీతలుంటే భయపడుతోందని అర్థం. పై నుంచి కిందకి నిలువుగీతలు వస్తేనే దానికి ఇష్టమని. "అమ్మా, దీనికిప్పుడు ఇష్టం లేదు. తీసేద్దాం" అంది. తీసేశాం. మళ్లీ దాని తొట్లో వదిలి ఇంకో అయిదు రోజులు తిండి పెట్టాలనుకున్నాం.

అత్తయ్యగారు కుర్చీలోంచి ఇదంతా చూస్తున్నారు. "ఏమిటే ఆ గీతలు?" అని అడిగారు. పాప వివరంగా చెప్పింది. ఆవిడ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "నాకు పదిహేనో ఏట ముహూర్తం పెట్టారు. నా మొహాన ఏ గీతలున్నాయో ఒక్కళ్లూ చూళ్లేదు" అని నవ్వి, పూజగదిలోకి వెళ్లిపోయారు. ఇరవై ఏళ్లుగా ఈ ఇంట్లో ఉన్నాను. ఆ మాట ఆవిడ నోట వినడం అదే మొదటిసారి. పాప నా వంక చూసింది. నేనేం చెప్పగలను? తల నిమిరి ఊరుకున్నాను.

అయిదో రోజున మళ్లీ చిమ్నీలో వదిలాం. మర్నాటికి నిలువుగీతలు స్పష్టంగా వచ్చాయి. తల వంచుకుని గూటి వైపే తిరుగుతోంది. ఆదివారం పొద్దున చిమ్నీ పైకి తీశాం. మొదట వెంటపడి తరమడం, రెక్కల చివర్లు కొరకడం ఉంటాయి. మా పాప కళ్లనీళ్లు పెట్టుకుంది. అందుకే ముందే నియమం పెట్టుకున్నాం. దాక్కుని మళ్లీ తనంతట తానే గూటి దగ్గరికొస్తే సరే, మూలనపడి కదలకపోతే వెంటనే బయటికి తీసెయ్యాలి. పక్కన మనిషి లేకుండా వదలకూడదు. వంతులవారీగా కూర్చున్నాం, అత్తయ్యగారితో సహా.

మధ్యాహ్నానికి నీలంగాడు చిట్టిని చుట్టేసుకున్నాడు. ఇద్దరూ క్షణంసేపు స్పృహ తప్పినట్టు తేలిపోయారు. బొంబాయి రవ్వలాంటి తెల్లటి గుడ్లు రాలాయి. వాడు తేరుకుని ఒక్కొక్కటే నోట్లో పట్టుకెళ్లి బుడగల్లో ఊదాడు. రెండు మూడు గంటలు ఇదే పని. అయిపోగానే వాడు చిట్టిని గూటి దరిదాపులకి రానివ్వడు. ఆలస్యం చెయ్యకుండా దాన్ని తీసి, బాదం ఆకు వేసిన శుభ్రమైన నీళ్లలో వదిలాం. తోక చివర కొంచెం చిరిగింది, అది మళ్లీ పెరుగుతుంది.

పాప గూడు దగ్గరే గంతులేస్తోంది. అత్తయ్యగారు "ముందు ఆ పుట్టింటికొచ్చినదానికి పెట్టండే ఏదైనా" అని కేకేశారు. ఎవరూ కదలకపోయేసరికి తనే కింది వాటాకి దిగి ఆ పురుగుల డబ్బా పట్టుకొచ్చారు, చీర కొంగుతో పట్టుకుని!

రెండో రోజుకి గుడ్లు పొదిగాయి. దారప్పోగుల్లా తోకలు కిందకి వేలాడేసి ఉంటాయి పిల్లలు. అవి జారితే తండ్రి ఎత్తి మళ్లీ పైన పెడతాడు. ఇంకో మూడు రోజులకి వాటంతటవే ఈదాయి, అప్పుడు తండ్రినీ తీసేశాం. ఆకులు నానేసిన నీళ్లలో పుట్టే సూక్ష్మజీవులు మొదటి తిండి, తర్వాత ఉప్పునీళ్లలో పొదిగించిన ఆర్టీమియా. మూడు నాలుగు వారాలకి గాలి పీల్చే అవయవం ఏర్పడుతుంది, అందాకా టబ్బు మీద మూత తియ్యకుండా లోపలి గాలి వెచ్చగా ఉంచాలి. ఇవాళ్టికి మూడు వారాలు. లెక్కపెడితే నలభై దాకా ఉన్నాయి.

మీ పిల్లలు కూడా అడిగితే రెండే మాటలు చెప్తాను. చేపని కొనే ముందు సీసాలు లెక్కపెట్టుకోండి. చిమ్నీ ఎత్తే ముందు గీతలు చూడండి. ఇక ఉంటాను, ఇంకో ఇరవై పచ్చడి సీసాలు వెతుక్కోవాలి.