మాంటానా కొండలలో ఒక తులము గుండు

తుపాకి, గుండు, వేట అను మాటలు వినగానే, ఇవి మన గృహిణుల పుటలలోని కెట్లు వచ్చినవని మీ రాశ్చర్యపడవచ్చును. మేమును మొదట అట్లే యనుకొంటిమి. పుట్టినది మొదలు శాకాహారము తప్ప నెరుగని యింటివారము. మాకు వేటగాండ్రతో పని యేమి? కాని దేశసంచారమున మనము కోరినవి మాత్రమే కనబడవు గదా! 2023వ సంవత్సరము అక్టోబరు నెలలో మా తమ్ముని యింట కొన్ని దినము లుండుటకై అమెరికాలోని మాంటానా రాష్ట్రమునకు పోయితిమి. అచ్చట నొక పొరుగింటి యిల్లాలి నేలమాళిగలో గడపిన రెండు సాయంకాలములు మాకు మరపునకు రాకున్నవి. వానిని గూర్చియే యీ నాలుగు మాటలు.

బోజ్‌మన్ అను పట్టణమునుండి తూర్పుగా ఒక కనుమను దాటి లివింగ్‌స్టన్ చేరి, అచ్చటినుండి దక్షిణమునకు తిరిగిన యెడల ఎల్లోస్టోన్ నది వెంబడి చక్కని రహదారి కలదు. ఆ లోయకు పారడైజు వేలీ యని పేరు. అనగా స్వర్గపు లోయ. తూర్పున అబ్సారకా పర్వతములు, పడమట గాలటిన్ పర్వతములు. శిఖరములపై అప్పుడే క్రొత్త మంచు పడియుండెను. క్రింద పచ్చిక పండి బంగారు వన్నెకు తిరిగెను. దారి చివర గార్డినర్ అను చిన్న యూరున 1903లో కట్టిన రాతి తోరణము నిలిచియున్నది. అది 1872లో ఏర్పడిన ఎల్లోస్టోన్ జాతీయవనమునకు ఉత్తరద్వారము.

ఆ యూరిలోనే మేము తొలుత ఎల్కులను చూచితిమి. ఇండ్ల ముంగిటి పచ్చికలో, మన యూళ్లలో ఆవులు నిలిచినట్లే, అవి నిలిచి మేయుచుండెను. ఎల్కు మన నల్లమల అడవులలోని కణుజునకు దాయాది. మగది సుమారు 700 పౌనులు, ఆడుది 500 పౌనులు తూగును. షానీ జాతివారు దీనిని వాపిటి యందురు. తెల్లని పిరుదులు గలదని యర్థము. శరత్కాలమున మగ ఎల్కు చేయు ధ్వని మిక్కిలి వింతయైనది. అంత పెద్ద మృగము గర్జించునని తలచితిమి. కాని పిల్లనగ్రోవివంటి సన్నని యీలపాట కొండలలో మారుమ్రోగెను.

వనమునందు వేట నిషిద్ధము. దాని యెల్లను దాటిన పిమ్మట, అనుమతిపత్రము గలవారు, నియమిత కాలమున మాత్రమే వేటాడవచ్చును. మాంటానాలో తుపాకి వేట అక్టోబరు చివర మొదలై సుమారు ఐదు వారములు సాగును. మన దేశమున 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచేత వేట ఆగిపోయినది. ఆ దేశమువారు వేరొక త్రోవ పట్టిరి. 1937లో చేసిన యొక శాసనము ననుసరించి తుపాకులమీదను తూటాలమీదను వచ్చు సుంకమును మృగసంరక్షణకై వినియోగింతురు. గడచిన శతాబ్దపు తొలినాళ్లలో లక్షకు లోబడిన ఎల్కులు ఇప్పుడు సుమారు పది లక్షలైనవి. ఇది మంచిదా చెడ్డదా యని తీర్పు చెప్పుటకు మేము పోలేదు, చూచినది చెప్పుచున్నాము.

మా మరదలికి స్నేహితురాలైన పొరుగింటి యిల్లాలు ఒక పాఠశాలలో ఉపాధ్యాయిని. ఆమెకు పండ్రెండేండ్ల కూతురు, మూడేండ్ల కొడుకు. మామగారు వారితోనే యుండెను. ఒక్క ఆడు ఎల్కు చిక్కినచో సుమారు నూట యేబది పౌనుల మాంసము వచ్చును. అది వారి యింట సంవత్సరపు గ్రాసము. ఆ యేడు కూతురు వేటగాండ్ర శిక్షణలో ఉత్తీర్ణురాలై మొదటిసారి అడవికి పోవలసియుండెను. అందుకై తల్లి స్వయముగా తూటాలు సిద్ధము చేయుచున్నదని విని, చూడవచ్చునా యని యడిగితిమి. "తప్పక రండు; కాని నేను తూచునప్పుడు మాత్రము మాటాడకుడు" అని యామె నవ్వుచు చెప్పెను.

అంగడిలో సిద్ధమైన తూటాలు దొరకుచుండగా ఇంట చేయుట యెందులకని మేము అడిగితిమి. ఒక్కొక్క తుపాకి ఒక్కొక్క విధమైన తూటాతో సూటిగా కాల్చునట. దాని కిష్టమైనది యేదో కనిపెట్టి, ప్రతి తూటాను ఒకే తీరున చేసినచో గురి తప్పదు. గురి తప్పినచో మృగము గాయముతో పారిపోయి, ఏ పొదలోనో దినముల తరబడి బాధపడి చచ్చును. "అంతకన్న పాపము మా కులవృత్తిలో మరియొకటి లేదు" అని మామగారు కుర్చీలోనుండి పలికెను.

తూటాకు నాలుగు భాగములు: ఇత్తడి గొట్టము, దాని యడుగున నిప్పురవ్వ పుట్టించు ప్రైమరు అను చిన్న టోపీ, లోపల మందు, మూతివద్ద గుండు. కాల్చిన పిదప ఇత్తడి గొట్టము పారవేయనక్కరలేదు. పగుళ్లున్నవేమో చూచి, నలిపిన వాల్‌నట్టు పెంకులలో దొర్లించి తోముదురు. తోమిన గొట్టములు దీపావళికి తోమిన కుందులవలె మెరసెను. కాల్చినపుడు ఉబ్బిన గొట్టమును, జంతికల గిద్దను జ్ఞప్తికి తెచ్చు మీటయంత్రమున నుక్కు అచ్చులోనికి నొక్కినచో అది పూర్వపు కొలతకు వచ్చును. పాత టోపీ క్రింద రాలును. సాగిన మూతిని కత్తిరించి, అంచు నునుపు చేసి, క్రొత్త టోపీ నమర్తురు. పిమ్మట మందు తూచి గరాటుతో పోసి, గుండును కూర్చుండబెట్టి, మొత్తము పొడవు కొలుతురు. మందు మితిమీరినచో తుపాకి పగిలి కాల్చువారికే ప్రాణాపాయము. కావున బల్లమీద ఒక్క మందు డబ్బా తప్ప రెండవది యుంచరు. పుస్తకమున జెప్పిన గరిష్ఠమునకు సుమారు పదియవ వంతు తక్కువతో మొదలిడి, మెల్లగా పెంచి చూతురు.

మామగారి డబ్బాలోని గుండు నొకదానిని త్రాసుమీద నుంచగా 180 గ్రెయిన్లని చూపెను. మావారు ఉలికిపడి, "ఇది సరిగా మన పాత తులము!" అనిరి. నిజమే, 1833లో నిర్ణయించిన తులము 180 గ్రెయిన్లు, అనగా 11.66 గ్రాములు. ఆడపిల్లకు చేయించు బంగారము తూచు కొలతయే, ఇచ్చట ప్రాణము తీయు సీసమునకును కొలతయైనదని మేము కొంతసేపు మౌనముగా నుంటిమి.

గుండు నెన్నుటలో నున్న చిక్కును ఆమె మాకు వివరించెను. సీసముపై పలుచని రాగితొడుగు వేసిన గుండు తగిలిన వెంటనే విచ్చుకొనును. కాని ఎల్కువంటి స్థూలకాయముగల మృగపు భుజపుటెముకకు దగ్గరనుండి తగిలినచో, లోతునకు పోకమునుపే ముక్కలగుట కలదు. 1946లో జాన్ నాస్లరు అను వేటగాడు కెనడాలో బురదపట్టిన మూసు మృగమును కాల్చగా గుండ్లు లోనికి చొరలేదు. ఆ పరాభవముతో ఆతడు నడుమ రాగిగోడగల గుండును కల్పించెను. ముందరి సీసము విచ్చుకొన్నను, గోడ వెనుకటి సీసము చెక్కుచెదరక లోనికి పోవును. మామగారి తులము గుండ్లు ఆ జాతివే. తరువాత సీసము బొత్తిగా లేని రాగిగుండ్లును వచ్చినవి. అవి నాలుగు రేకులుగా విచ్చుకొని, బరువు కోల్పోక చొచ్చుకొనిపోవును. అట్టి దొకటి కిటికీ గట్టుమీద చిన్న రాగిపువ్వువలె నుండెను.

ఆ యింట నిదియే తగవు. కోడలు రాగి యనెను, మామ సీసమనెను. "అరువదేండ్లుగా తినుచున్నాను, నాకేమైనది?" అని యాయన వాదన. ఆమె ఎదురాడక, మూడేండ్ల బిడ్డను చూపి యిట్లనెను: "మీకేమియు కాకపోవచ్చును. వీని మాట యేమి?" సీసపు గుండు విచ్చుకొనునపుడు కంటికి కనబడని తునకలు గాయమునకు జానెడు దూరము దాటి చెదరిపోవును, పంటికి తగులవు, కడిగినను పోవు. 2008లో ఉత్తర డకోటాలో పేదలకు దానముగా వచ్చిన జింకమాంసమును యంత్రముతో చిత్రములు తీసి చూడగా అట్టి తునకలు బయటపడినవి. ఆ యేడే ఏడు వందలకు పైగా జనుల రక్తమును పరీక్షింపగా, వేటమాంసము తినువారిలో సీసము కొంచెము హెచ్చుగా నుండెను. ఆ హెచ్చు స్వల్పమే; కాని పసిపిల్లల మెదడునకు ఇంతవరకు హానిలేదని చెప్పదగిన సీసపు కొలత యేదియు లేదని వైద్యులందురు. అడవిలో విడిచిన ప్రేవులను తిను గ్రద్దలకును ఇదే విషము. కాలిఫోర్నియా రాష్ట్రము 2019 జులై నుండి వేటలో సీసమును పూర్తిగా మాన్పించెను.

రాగిలోను లోపములు లేకపోలేదు. వెల హెచ్చు, వేగము చాలనిచో రేకులు సరిగా విచ్చుకొనవు. కాని బరువు కోల్పోదు గనుక కొంత తేలిక గుండైనను చాలును. పిల్ల భుజమునకు తుపాకి తన్నుకూడ తగ్గును. కావున కూతునకై 150 గ్రెయిన్ల రాగిగుండు నెన్నెను.

రెండవ సాయంకాలము మావలన నొక యపరాధము జరిగెను. ఆమె తూచి పోయుచుండగా, ఇచ్చిన మాట మరచి, "ఈ మాంసములో మసాలా లేమి వేయుదురు?" అని యడిగితిమి. ఆమె చేయి ఆగెను. అప్పుడు పోసిన దానిని త్రాసుమీద అంకె చూచి పోసెనో, చూడకయే పోసెనో ఆమెకు తోచలేదు. అది ఏడవ గొట్టమో ఎనిమిదవదో తెలియలేదు. మాకు సిగ్గుతో తల వాలిపోయెను. ఆమె యేమియు ననక, పోసిన మందంతయు తిరిగి డబ్బాలో వంచి, మొదటినుండి ప్రారంభించెను. కళ్లమున "లాభము, రెండు, మూడు" అని ధాన్యము కొలుచువానిని పలుకరింపరాదని మా నాయనమ్మ చెప్పెడిది. ఆ మాట కొలమానికలో గింజలకే కాదని ఆనాడు తెలిసికొంటిమి. పని ముగిసినపిదప ఆమె ప్రతి డబ్బామీదను మందు పేరు, గుండు బరువు, తేది వ్రాసి తాళము వేసెను.

మేము తిరిగివచ్చిన తరువాత, డిసెంబరులో ఆమె జాబు వచ్చినది. మొదటి అవకాశమున కూతురు కాల్చలేదట. గురికి దొరకిన ఎల్కు వెనుక వేరొకటి నిలిచియుండెను. రాగిగుండు ఒకదానిని దాటి రెండవదానిని గూడ గాయపరచునని పిల్ల తుపాకి దించెను. ఆ రాత్రి తాతగారు మనుమరాలి తల నిమిరి, "ఇప్పుడు నీవు వేటగత్తెవు" అనెనట. కడపటి వారమున ఒక్క గుండుతో పని ముగిసినది. మృగము నాలుగడుగులు వేసి ఒరిగెను. మాంసము కోయుచు ఆ ముసలాయన, "వచ్చే యేటికి నాకును ఒక డబ్బా రాగివి నింపుమమ్మా" అని కోడలితో నెమ్మదిగా ననెనట.

మేము ఆ మాంసమును ముట్టలేదు, ఇకముందును ముట్టబోము. కాని సీసము ఆ దేశపు శత్రువు మాత్రమే కాదు. పాతరంగుల పెచ్చులలోను, కల్తీ పసుపులోను అది మన బిడ్డల నోటికిని చేరుచున్నది. తినునది యేదైనను, బిడ్డ నోటికి పోవుదాని నొకసారి తూచి, సందేహము కలిగినచో సిగ్గుపడక మొదటినుండి మరల తూచుటయే తల్లి ధర్మమని ఆ నేలమాళిగలో నేర్చుకొని వచ్చితిమి.