పాత కౌలుదారు కార్డు

పోయినసారి వేరుశనగలో తిక్క ఆకుమచ్చ గురించి రాస్తే ఇద్దరు ఫోన్ చేసి, "బాబాయ్, మందుల సంగతి షాపువాడు చెప్తాడు గానీ, నువ్వు కబడ్డీ గురించి రాయి" అన్నారు. సరే, రాస్తున్నా. చదివాక మాత్రం నన్ను తిట్టొద్దు.

ముందుగా ఒక మాట. ఆటగాళ్ల వేలం మనకి కొత్తగా అర్థం చేసుకోవాల్సిన సంగతేం కాదు. పశువుల సంతలో ఎద్దుని కొనేటప్పుడు పళ్లు చూస్తాం, సుళ్లు చూస్తాం, నాలుగడుగులు నడిపించి కుంటు ఉందేమో చూస్తాం. బేరగాళ్లు తువాలు కప్పి దాని కింద వేళ్లు పట్టుకుని ధర తెంచేవాళ్లు, పక్కనున్నోడికి కూడా తెలిసేది కాదు. ఇక్కడ ఏసీ హాల్లో బల్లల దగ్గర కూర్చుని చెయ్యెత్తుతారు. అంతే తేడా. పొగాకు వేలంలో కొనేవాడు లేకపోతే బేలు మీద 'నో బిడ్' అంటారు చూడండి, వాళ్లేమో 'అన్‌సోల్డ్' అంటారు. బేలుకైతే టీవీలో తన పేరు కనపడదు కాబట్టి దాని పరువు దక్కింది.

కబడ్డీ వేలంలో ఇంకో ముచ్చట ఉంది. ఫైనల్ బిడ్ మ్యాచ్ కార్డు అంటారు. పాత జట్టు వదిలిన ఆటగాడిని వేరేవాళ్లు ఎంతకి పాడుకున్నా, ఆ ధరే ఇస్తామని పాత జట్టు కార్డు చూపిస్తే మళ్లీ వాళ్లకే. ఇది మనకి తెలియనిదా? గుడి మాన్యం కౌలు వేలంలో ఎవడో పాట పెంచేసినప్పుడు, పదేళ్లు ఆ చేను దున్నినవాడు లేచి "ఆ పాటకి నేనే ఉంచుకుంటానండీ" అనడం లాంటిదే. మన దగ్గర ఆ మాట ఒక్కోసారి చెల్లుద్ది, ఒక్కోసారి చెల్లదు. వాళ్ల దగ్గర కాయితం మీద రాసుకున్నారు.

ఇప్పుడు మన తెలుగు టైటాన్స్ దగ్గరికి వద్దాం. 2014లో ప్రో కబడ్డీ మొదలైనప్పటి నుంచి ఈ జట్టుని చూస్తున్నా. మొదటి ఏడాది నుంచి రాహుల్ చౌదరి ఉండేవాడు. ఉత్తరప్రదేశ్ కుర్రాడు. అతను కూతకి వెళ్తుంటే మా ఊళ్లో పిల్లలు టీవీ ముందు నుంచి లేచేవాళ్లు కాదు. 2018లో వాడిని కోటీ 29 లక్షలకి కార్డు చూపించి మరీ నిలబెట్టుకున్నారు. ఆ మరుసటేడు వదిలేశారు. 94 లక్షలకి తమిళ్ తలైవాస్ పట్టుకుపోయింది. అదే వేలంలో మనవాళ్లు సిద్ధార్థ్ దేశాయ్‌ని కోటీ 45 లక్షలకి కొన్నారు. పాలిచ్చే పాత గేదెని తక్కువకి అమ్మి, కొత్త గేదెని ఎక్కువకి తెచ్చిన లెక్క. మొదటేడు పాలు బాగానే ఇచ్చింది. తర్వాత 2021 సీజన్‌లో మూడు మ్యాచ్‌లకే భుజం దెబ్బతిని కూర్చున్నాడు పాపం. అతన్ని అనేదేం లేదు. ఒకే కొమ్మకి ఊయల కట్టిన వాళ్లని అనాలి.

అక్కడి నుంచి వరసగా మూడు సీజన్లు చెప్తా వినండి. ఎనిమిదో సీజన్‌లో 22 మ్యాచ్‌లకి ఒక్కటి గెలిచాం. తొమ్మిదిలో రెండు. పదిలో రెండు. మొత్తం 66 ఆడి 5 గెలిచాం. మూడేళ్లు వరసగా అట్టడుగు. వరసగా మూడు తుఫాన్లు కొట్టినా మన సేద్యంలో ఇంతకన్నా ఎక్కువ గింజలే ఇంటికొస్తాయి.

నవ్వొచ్చేదేంటంటే ఆ పదో సీజన్‌కే పవన్ సెహ్రావత్‌ని 2 కోట్ల 60 లక్షల 50 వేలకి కొన్నారు. అప్పటిదాకా ఆ లీగ్‌లో అంత ధర ఎవరికీ పలకలేదు. ఆటగాడు మంచోడే, దాంట్లో అనుమానం లేదు. కానీ ఒక్కడికే అంత పోస్తే వెనకాల పట్టు పట్టేవాళ్లకి ఏం మిగులుద్ది? కబడ్డీలో ఒకడు కూతకి పోతాడు, మిగతా ఆరుగురు కూడా బతికుండాలి కదా. కొత్త ట్రాక్టరు కొని, డీజిలుకి డబ్బుల్లేక చెట్టుకింద పెట్టినట్టుంది.

ఆ పవన్ ధర తర్వాత ఎట్లా నడిచిందో చూడండి. 2024లో కోటీ 72 లక్షల 50 వేలు, మళ్లీ కార్డు చూపించి మనవాళ్లే. 2025లో 59 లక్షల 50 వేలు, తలైవాస్‌కి. మనలో మిర్చి వేసినవాళ్లకి ఈ లెక్క ఎక్కడో చదివినట్టుండాలి. 2023లో గుంటూరు యార్డులో క్వింటా ఇరవై వేలు దాటి చూసిన కాయ, 2025 మొదట్లో ఎంతకి దిగిందో మీకు తెలుసు. కేంద్రం 11,781 రూపాయల ధర కట్టి ఆదుకుంటామనేదాకా వచ్చింది. అదే కాయ, అదే ఘాటు. ఆటగాడికి మద్దతు ధర ఉండదు, కనీస ధర మాత్రం ఉంటది. అతని మీద నాకు ఈర్ష్య లేదు. పడిపోయిన ధర కూడా 59 లక్షలంటే మన మూడు తరాల సంపాదన.

పోయిన సీజన్‌లో మాత్రం ఆనందపడ్డా. పెద్ద పేరు వెళ్లిపోయింది. విజయ్ మాలిక్‌ని కెప్టెన్ చేశారు, భరత్ హుడాని 81 లక్షలకి తెచ్చారు. విశాఖలో సొంత గడ్డ మీద మొదటి మ్యాచ్ తలైవాస్ మీదే ఓడిపోయారు, ఆరోజు టీవీ కట్టేసి చేలోకి పోయా. తర్వాత మెల్లగా పుంజుకుని ప్లేఆఫ్స్‌కి వెళ్లి, బెంగళూరుని, పాట్నాని కొట్టి, ఫైనల్‌కి ఒక్క మెట్టు కింద పుణె చేతిలో ఆగారు. పంట పూర్తిగా రాలేదు, కానీ అప్పులు పోను నాలుగు బస్తాలు మిగిలినట్టయింది.

క్రికెట్ సంగతి ఎక్కువ చెప్పను. 2008లో డెక్కన్ చార్జర్స్ ఆఖరి స్థానం, 2009లో దక్షిణాఫ్రికాలో కప్పు, 2012 తర్వాత జట్టే లేదు. దాని బదులు సన్‌రైజర్స్. పేరు హైదరాబాదుది, సొంతదారులు చెన్నైవాళ్లు. 2016లో వార్నర్ కప్పు తెచ్చిపెట్టాడు, 2021లో మధ్యలోనే కెప్టెన్సీ తీసేశారు. కాడికి అలవాటుపడిన ఎద్దుని వానాకాలం మధ్యలో విప్పేసినట్టు. షమీని 10 కోట్లకి కొని, ఒక్క ఏడాది ఆడించి అదే 10 కోట్లకి లక్నోకి ఇచ్చేశారు. మేపు దండగ. కమిన్స్ మీద పోసిన 20 కోట్ల 50 లక్షలు మాత్రం దండగ కాలేదు, వచ్చిన ఏడాదే ఫైనల్‌కి తీసుకెళ్లాడు.

నాకు మండేది ఇక్కడ కాదు. మన పంట మన గాదెలో లేకపోవడం. మన గుంటూరు రాయుడు ఆరు ఐపీఎల్ కప్పులెత్తాడు, మూడు ముంబైకి, మూడు చెన్నైకి. హైదరాబాదు సిరాజ్‌ని 2017లో కొన్నారు, ఏడాది తిరక్కుండా బెంగళూరు పాలు చేశారు. తిలక్ వర్మ ముంబైలో. గుంటూరు రషీద్ 2025 దాకా చెన్నైలో. ఒక్క విశాఖ నితీష్‌ని 20 లక్షలకి పట్టుకుని, తర్వాత 6 కోట్లిచ్చి ఉంచుకున్నారు, అదొక్కటి మెచ్చుకోవాలి. ఇంకో విడ్డూరం: 2024, 2025లో మన విశాఖ స్టేడియం ఢిల్లీ జట్టుకి రెండో సొంతగడ్డ. హైదరాబాదు వాళ్లు మన ఊరికి అతిథులుగా వచ్చి ఢిల్లీ చేతిలో ఓడిపోయి వెళ్లారు! బాపట్లలో పుట్టిన 5204 ఎక్కడెక్కడో పండుద్ది, దానికి సంతోషిస్తాం గదా అంటారేమో. నిజమే. కానీ ఆ వడ్లు బాపట్లలో కూడా పండుతాయి. తేడా అదీ.

టైటాన్స్ జట్టు పేరులో 'తెలుగు' ఉంది. రాష్ట్రం రెండయిన ఏడాదే పుట్టిన జట్టు, రెండువైపులా మాదే అనుకునే పేరు పెట్టారు. బాగుంది. కానీ జట్టు జాబితా తీసి మన జిల్లాల పిల్లల్ని వెతికితే ఒక చేతి వేళ్లు చాలు. హర్యానాలో ఊరూరా అఖాడా, మట్టి, పాలు, ఉద్యోగాల ఆశ ఉన్నాయి. మన దగ్గర చెడుగుడు సంక్రాంతి మూడు రోజులే.

మా వాడరేవు కుర్రాడొకడున్నాడు. పేరొద్దు. ఇసకలో ఆడి పెరిగాడు, కాలు ఎటు వేస్తాడో పట్టేవాడికి తెలియదు. రెండేళ్ల క్రితం ఒక పట్నంలో ఎంపికకి వెళ్లాడు. అక్కడ మ్యాట్ మీద ఆట, బూట్లతో. ఇసకలో ఉత్తికాళ్లతో ఆడినోడికి అది గచ్చు మీద నూనె పోసినట్టుంది. మొదటి కూతలోనే జారాడు. మాటకూడా చెప్పకుండా పక్కన కూర్చోబెట్టారు. వచ్చినోడు మర్నాడు తెల్లారుజామున మూడింటికి నాన్నతో పడవెక్కాడు.

పోయిన వారం వాళ్ల నాన్న మా ఇంటికొచ్చాడు. "అన్నా, ఇంకో చోట ఎంపికలంట. మనోడు పోతానంటున్నాడు. పడవలో ఒక చెయ్యి తగ్గుద్ది. నువ్వు ఆ ఆటలు చూస్తావుగా, పంపమంటావా?" అన్నాడు. అడిగినోడికి ఒక్క సీజన్ వేట తప్పితే వలల మీద వడ్డీ కట్టలేడు. కోట్ల లెక్కలు ఇంతసేపు చెప్పిన నాకు ఆ మాటకి గొంతులో తడారింది.

నేను చెప్పింది ఇది, తప్పయితే మీరు చెప్పండి. "వేలంలో కోట్ల కోసమైతే పంపొద్దు తమ్ముడూ. ఆ పాటకి వెళ్లేది వేలమందిలో ఒకడు. రైల్వేలో, పోలీసులో ఆటల కోటా ఉంది, దానికోసమైతే పంపు. ఇప్పుడే కాదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఎటూ వేట నిషేధం, పడవ ఒడ్డునే ఉంటది. ఆ రెండు నెలలు మ్యాట్ ఉన్నచోట వదిలిపెట్టు. జారకుండా నిలబడటం నేర్చుకోనీ. ఆ తర్వాతి ఎంపికలకి పోతాడు." వాళ్ల నాన్న చాలాసేపు ఏం మాట్లాడలేదు. "తిండి ఖర్చో?" అన్నాడు. మేం ఆరుగురం రైతులం తలా కాస్త వేసుకుంటాం అన్నా. దానికి ఒప్పుకోలేదు, అప్పుగా అయితేనే తీసుకుంటానన్నాడు. నోటు రాయమన్నా వద్దన్నాం.

బూట్లు మాత్రం ముందే కొన్నాం, కాలికి అలవాటు పడాలని. తొమ్మిదో నంబరు. చీరాలలో మ్యాట్ మీద ఆడే రకం దొరకలేదు, గుంటూరు నుంచి తెప్పించాం. ప్రస్తుతం వాడు వాటిని వేసుకుని పడవల రేవు పక్కన సిమెంటు గచ్చు మీద సాయంత్రంపూట కూత పెడుతున్నాడు. ఈ సంక్రాంతి పోటీల్లో ఇసకలో కూడా వాటితోనే ఆడతానంటే అందరం వద్దన్నాం. మన తీరాన మ్యాట్ ఉన్నచోటు, రెండు నెలలు కుర్రాడిని ఉంచుకునే కోచ్ ఎవరైనా మీకు తెలిస్తే కింద రాయండి, లేకపోతే ఫోన్ చెయ్యండి. పొద్దున ఎనిమిది దాకా చేలో ఉంటా, తర్వాత ఎత్తుతా.