ఒగ్గుకథ ఇంట్లో ఆర్డోర్

సిద్దిపేట బస్సు కొమురవెల్లి కమాన్ దగ్గర దింపింది. సంక్రాంతి నుంచి ఉగాది దాకా మల్లన్న జాతర. ఆదివారాలు ఇసుకేస్తే రాలనంత జనం ఉంటారని వారం మధ్యలో బయల్దేరాం. గుడికి దండం పెట్టుకుని, ఆటోలో పక్క ఊరు చేరాం.

అక్కడ మేం వెళ్లిన ఇంట్లో తాత ఒగ్గుకథ చెబుతాడు. డిగ్రీ చదివే మనవడి గదిలో డెబియన్ వేసిన పాత కంప్యూటరుంది. దాంట్లో ఆర్డోర్ అమర్చడానికే మా ప్రయాణం. పాల్ డేవిస్ మొదలుపెట్టిన ఈ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ సోర్సు జీపీఎల్ లైసెన్సు కింద ఎవరికైనా దొరుకుతుంది. రెడీమేడ్ ప్యాకేజీ వేస్తే క్షణాల్లో అయిపోయేది. కానీ మేం వెళ్లిపోయాక ఏదైనా ఆగితే విప్పి చూసుకునే ధైర్యం ఆ పిల్లాడికి రావాలి. అందుకే సోర్సు నుంచే కట్టాం.

ఫోన్ హాట్‌స్పాట్ మీద కోడ్ దిగింది. వాఫ్ అనే బిల్డ్ టూల్‌తో కాన్ఫిగర్ చేస్తుంటే లైబ్రరీల పేర్లు వరసగా పచ్చగా వచ్చి, ఒకచోట పసుపు రంగులో ఆగాయి. లిల్వ్ లేదట. ఎల్‌వీ2 ప్లగిన్లను వెతికి లోపలికి తెచ్చేది అదే. "లిల్వ్ ఉంది కదన్నా?" అన్నాడు మనవడు. ఉంది, కానీ కంపైల్ చెయ్యాలంటే హెడర్ ఫైళ్లుండే డెవ్ ప్యాకేజీ కూడా కావాలి. అది అర్థమయ్యాక మిగతావన్నీ తనే వెతికి వేసుకున్నాడు. కంపైల్ అవుతున్నంతసేపూ పెరట్లో డోలు బిగింపు, మధ్యలో చాయ్. ప్లగిన్లలో ముందుగా రాబిన్ గారియస్ రాసిన ఎక్స్42 మీటర్లు కట్టుకున్నాం. డోలు దెబ్బ శాంపిళ్ల మధ్యలో కూడా హద్దు దాటగలదు. మామూలు మీటరుకు అది దొరక్కపోవచ్చు, ట్రూ పీక్ మీటరు పట్టుకుంటుంది.

సాయంత్రం కథ రికార్డు చేశాం. ఒకచోట గొంతును డోలు మింగేసింది. ఆ ముక్క మళ్లీ పాడతానని తాత హెడ్‌ఫోన్లు పెట్టుకుని, రెండు మాటలకే ఆపేశాడు.

"నా గొంతు నాకే ఆల్శంగ ఇనవడ్తుంది బిడ్డా."

తాత చెవి సరిగ్గా పట్టింది. బఫర్ 1024 శాంపిళ్ల దగ్గరుంది. 48 కిలోహెర్ట్జ్‌లో ఒక్క బఫరుకే 21 మిల్లీసెకన్లు, పైగా గొంతు లోపలికి వచ్చేటప్పుడూ బయటికి పోయేటప్పుడూ ఆగుతుంది. 128కి దించితే ఒక్కోటీ మూడు మిల్లీసెకన్లలోపే. కానీ దించగానే కంప్యూటరు ఆ వేగం అందుకోలేక ఎక్స్‌రన్‌లు మొదలై చిటపటలు వచ్చాయి. మనవణ్ణి ఆడియో గ్రూపులో చేర్చి, రియల్‌టైమ్ ప్రాధాన్యానికీ మెమరీ లాక్‌కూ అనుమతులు రాసి, లాగవుట్ చేసి మళ్లీ తెరిచాం. చిటపటలు పోయాయి. తాత కళ్లు మూసుకుని ఆ ఘట్టం మొత్తం ఒక్క ఊపున పాడేశాడు.

సంగీత నాటక అకాడమీ అవార్డు అందుకున్న ఒగ్గుకథకుడు చుక్క సత్తయ్య పేరు అందరికీ తెలుసు. కానీ ఇలా ఊళ్లో పాడేవాళ్ల గొంతులు భద్రం చేసే పని వాళ్ల ఇళ్లలోనే, వాళ్ల పిల్లల చేతుల్లోనే జరగాలని నా గట్టి నమ్మకం. ఆర్డోర్ సెషన్ ఒక మామూలు ఫోల్డరే. అందులో పాట వేవ్ ఫైళ్లుగా ఉంటుంది, ఏ ముక్క ఎక్కడ పడాలో ఎక్స్‌ఎంఎల్‌లో రాసి ఉంటుంది. రేపు ఈ సాఫ్ట్‌వేరే లేకపోయినా పాట తెరుచుకుంటుంది.

బయల్దేరే ముందు మనవడు ఆ ఫోల్డరుతో పాటు సోర్సునూ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకున్నాడు. పక్కూళ్లో వాళ్ల మామ కూడా కథ చెబుతాడట, అక్కడి కంప్యూటర్లో తనే కడతానన్నాడు.