చికాగోలో రెండు మైదానాలు

చికాగో అనగానే మన పెద్దలకు స్వామి వివేకానందులు జ్ఞాపకం వస్తారు. 1893లో ఆయన ఉపన్యసించిన సభ జరిగిన భవనం మిచిగన్ అవెన్యూ మీద యిప్పటికీ వున్నది; నేడు అది చిత్రకళాశాల. ఆ భవనం నేనూ చూశాను, మెట్లమీద నిలుచుని ఫోటో తీయించుకున్నాను. దానిని గురించి తెలిసినవారు చాలామంది వ్రాసివున్నారు గనుక నేను మళ్ళీ వ్రాయను. ఆ నగరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినవి రెండు ఆటస్థలాలు. ఒకటి వుత్తరాన, రెండవది దక్షిణాన. రెంటికీ నడుమ వొకటే రైలుమార్గం. దానికి రెడ్ లైన్ అని పేరు. వుత్తరాన ఆడిసన్ స్టేషనులో దిగితే రిగ్లీ ఫీల్డ్, అది కబ్స్ జట్టువారిది. దక్షిణాన 35వ వీధి స్టేషనులో దిగితే వైట్ సాక్స్ జట్టువారిది. ఒక్కపూటలో రెండూ చూసి రావచ్చును గాని, రెండు జట్లనూ సమానంగా ప్రేమించే మనిషి మాత్రం ఆ వూళ్ళో నాకు తారసపడలేదు.

2024 సెప్టెంబరులో మా అక్కయ్యగారింటికి వెళ్ళాను. టిక్కెట్టు బావగారు పంపించారు. లేకపోతే బెంగుళూరులో గుమాస్తా పని చేసుకునే నావంటివాడికి అమెరికా ఎక్కడిది! వారు చికాగోకు పడమరగా అరోరాలో వుంటున్నారు. అక్కడ వేంకటేశ్వరస్వామి ఆలయం వున్నది. శనివారంనాడు అక్కడ పులిహోర ప్రసాదం చేతిలో పెట్టించుకుని నిలబడితే మన మల్లేశ్వరంలో వున్నామో మరెక్కడ వున్నామో తెలియదు. మా మేనల్లుడు ఆ దేశంలోనే పుట్టి పెరిగినవాడు. తెలుగు బాగానే మాట్లాడుతాడు గాని, బేస్‌బాల్ సంగతి వచ్చినప్పుడు మాత్రం తెలుగు మరచిపోతాడు. వాడు వైట్ సాక్స్ భక్తుడు. భక్తుడనే మాట వూరికే వాడలేదు.

ఈ ఆట తెలియనివారికి రెండు ముక్కలు చెప్పాలి. జట్టుకు తొమ్మిదిమంది, ఆటకు తొమ్మిది ఇన్నింగ్సులు. బంతి విసిరేవాడిని పిచ్చర్ అంటారు, ఆట భారమంతా అతనిమీదే. మన క్రికెట్టు టెస్టులో వలె డ్రా అనేది లేదు. మార్చి ఆఖరునుంచి సెప్టెంబరు ఆఖరుదాకా వొక్కొక్క జట్టు 162 ఆటలు ఆడాలి. అంటే ఆరుమాసాలు దాదాపు ప్రతిరోజూ ఆటే. మనకు సాయంకాలం కాఫీ యెటువంటిదో వారికి అది అటువంటిది. అందుచేత జట్టు చెడిపోతే ఏ ఆదివారమో వొకరోజు బాధపడి వూరుకోవడానికి వీలులేదు. ప్రతి సాయంకాలం బాధే.

ఇక యీ 'రీబిల్డింగ్' అనేది యేమిటో మా మేనల్లుడు రైలులో విడమరచి చెప్పాడు. జట్టు నడిమి రకంగా ఆడుతున్నప్పుడు, అటు గెలవక యిటు పూర్తిగా ఓడకా వున్నప్పుడు, యాజమాన్యంవారు పాత యిల్లు పడగొట్టినట్టుగా జట్టును పడగొడతారు. పేరున్న ఆటగాళ్ళను ఇతర జట్లకు యిచ్చివేసి, బదులుగా పందొమ్మిది, ఇరవయ్యేళ్ళ కుర్రవాళ్ళను తెచ్చుకుంటారు. కొన్నేళ్ళు ఓడిపోతారు. ఓడిన జట్టుకు మరుసటి యేడు కొత్త ఆటగాళ్ళను ఎంచుకోవడంలో ముందువరుస దొరుకుతుంది. ఆ కుర్రవాళ్ళు యెదిగాక గెలుస్తారని ఆశ. అక్కడ చిట్టచివరి జట్టునైనా కింది తరగతికి తోసివేసే పద్ధతి లేదు. జీతాల ఖర్చు తగ్గుతుంది. టెలివిజన్ ఒప్పందాల సొమ్ము ఓడినా గెలిచినా వస్తూనే వుంటుంది. కనుక నిరీక్షణకు అయ్యే ఖర్చులో పెద్దభాగం యెవరు భరిస్తారో వేరే చెప్పనక్కరలేదు.

ఈ మందు పనిచేయదని అనలేము. వుత్తరపు మైదానమే సాక్ష్యం. కబ్స్‌వారు 1908 తరువాత ఛాంపియన్లు కాలేదు. 2011 చివర థియో ఎప్‌స్టైన్ అనే ఆయన వచ్చి జట్టును పడగొట్టారు. 2012లో 101 ఆటలు, 2013లో 96 ఓడారు. 2016లో గెలిచారు, 108 యేళ్ళకు! రిగ్లీ ఫీల్డ్ 1914నాటిది. గోడకు పాకిన ఐవీ తీగలు 1937లో నాటినవి. స్కోరుబోర్డు యిప్పటికీ చేత్తో మార్చేదే. ఆట అయ్యాక దానిమీద ఎగిరే జెండాను చూసి, రైలులో పోయేవారు జట్టు గెలిచిందో ఓడిందో తెలుసుకుంటారు. ఇవన్నీ చూడముచ్చటగానే వున్నాయి. అయితే నన్ను ఆపివేసింది బయటి ఇటుకగోడ. 2016లో జట్టు గెలిచినప్పుడు జనం సుద్దముక్కలు తెచ్చి ఆ గోడనిండా పేర్లు వ్రాశారట. ఆటగాళ్ళ పేర్లు కావు. ఈ రోజు చూడకుండానే చనిపోయిన తమ తండ్రుల, తాతల, అమ్మమ్మల పేర్లు. నేను వెళ్ళేసరికి గోడమీద సుద్ద ఆనవాలైనా లేదు, యెనిమిదేళ్ళ వానలకు యెందుకు వుంటుంది! అయినా అక్కడ కాసేపు నిలబడ్డాను. మా మేనల్లుడికి మాత్రం విసుగు. "మామయ్యా, వాళ్ళ కథ దేశమంతా చెప్పుకున్నారు. మాదీ 88 యేళ్ళ నిరీక్షణే. 1917 తరువాత 2005లో గెలిచాం. యెవరికైనా జ్ఞాపకం వుందా?" అన్నాడు.

వాడి కోపంలో న్యాయం లేకపోలేదు. దాని మూలం ఆటలో కంటే టెలివిజన్‌లో ఎక్కువగా వున్నది. 1981లో కబ్స్ జట్టును చికాగో ట్రిబ్యూన్ పత్రిక కంపెనీవారే కొన్నారు. డబ్ల్యు.జి.ఎన్. రేడియో, టెలివిజన్ కూడా వారివే. ఆ టెలివిజన్ అప్పటికే ఉపగ్రహం ద్వారా దేశమంతటా కనబడుతోంది. రిగ్లీలో 1988దాకా దీపాలు లేవు, ఆటలన్నీ పగటిపూటే. బడినుంచి ఇంటికి వచ్చిన పిల్లలు యెక్కడో దూరపు రాష్ట్రంలో టీవీ పెడితే కబ్స్ ఆట! సరిగ్గా అదే 1981లో వైట్ సాక్స్‌ను కొన్న కొత్త యజమానులు తమ ఆటలను నెలనెలా డబ్బు కట్టి చూసే ఛానల్‌లోకి మార్చారు. జనానికి ప్రియమైన వ్యాఖ్యాత హారీ కేరీ పదకొండేళ్ళు వైట్ సాక్స్ ఆటలు చెప్పినవాడు. 1982లో కబ్స్‌కు వెళ్ళిపోయాడు. ఏడవ ఇన్నింగ్సు నడుమ జనంతో కలిసి పాట పాడడం ఆయన దక్షిణపు మైదానంలో మొదలుపెట్టిన అలవాటే. దానినీ వుత్తరానికి తీసుకుపోయాడు. ఉచితంగా కనబడినవారు దేశానికి ఆత్మీయులయ్యారు, డబ్బు అడిగినవారు వీధివారికే దూరమయ్యారు. ట్రిబ్యూన్‌వారు 2009లో కబ్స్‌ను అమ్మివేశారు గాని, ఆ ప్రేమ మాత్రం అమ్మకానికి పోలేదు.

పత్రికలు చేసిన మరొక పని వున్నది. హ్యూస్టన్ నగరపు ఆస్ట్రోస్ జట్టు 2011 మొదలు వరుసగా మూడేళ్ళు వందకు మించి ఓడింది. 2013లో వారి ఆట వొకదానికి స్థానిక టీవీ ప్రేక్షకుల లెక్క సున్నా అని వచ్చింది. 2014లో స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ పత్రిక మాత్రం వారిని ముఖచిత్రంగా వేసి, 2017 ఛాంపియన్లు వీరేనని ప్రకటించింది. విచిత్రం, 2017లో వారే గెలిచారు! ఆ గెలుపులో ఎదుటివారి సైగలను కెమెరాతో దొంగిలించిన మోసం వున్నదని 2019లో బయటపడడం తరువాతి కథ. కాని ఆ ముఖచిత్రం, దానివెంట కబ్స్ గెలుపు, రెండూ కలిసి ప్రతి యజమానికీ వొక సమాధానం చేతికిచ్చాయి: 'ఓపిక పట్టండి.' మెరికల్లాంటి కుర్రవాళ్ళ వరుస పట్టికలను పత్రికలవారు యేటా అచ్చువేస్తారు. అభిమానులు ఆట ఫలితాలు చదవడం మాని, ఆ పట్టికలు చదువుకుంటూ తృప్తిపడతారు. మన జాతకాల వ్యవహారం వంటిదే యిదీ.

వైట్ సాక్స్‌వారు 2016 డిసెంబరులో ఆ దారి పట్టారు. తమ మేటి పిచ్చర్ క్రిస్ సేల్‌ను బాస్టన్‌కు యిచ్చి యోవాన్ మొంకాడా, మైకేల్ కోపెక్ మొదలైనవారిని తెచ్చారు. మరుసటి యేడు మరొక పిచ్చర్‌ను, అదీ కబ్స్‌కే యిచ్చి, ఎలోయ్ హిమెనెజ్, డిలన్ సీస్‌లను తెచ్చారు. పత్రికలన్నీ భేష్ అన్నాయి. 2018లో వంద ఓడినా యెవరూ పెద్దగా తిట్టలేదు. 2021లో 93 గెలిచి తమ విభాగంలో మొదటివారైనప్పుడు, చూశారా అన్నారు. అంతే, అక్కడితో సరి. 2023లో 101 ఓటములు. 2024లో ఆ కుర్రవాళ్ళలోనే సీస్‌ను, హిమెనెజ్‌ను, కోపెక్‌ను వొక్కొక్కరినే ఇతరులకు యిచ్చివేసి, బదులుగా మళ్ళీ కుర్రవాళ్ళను తెచ్చుకున్నారు. జూలై, ఆగస్టులలో వరుసగా 21 ఆటలు ఓడారు. మ్యానేజర్‌ను తీసివేశారు. పెద్దవారి తప్పుకు క్రిందివాడి వుద్యోగం పోవడం ఆఫీసులలో పనిచేసే మనకు కొత్త కాదు.

సెప్టెంబరు 24న మేము మైదానానికి వెళ్ళేసరికి ఓటములు 120. అది 1962నాటి న్యూయార్క్ మెట్స్ లెక్కతో సమానం. ఇంకొక్కటి ఓడితే ఆధునిక చరిత్రలో అందరికంటే చెడ్డ జట్టు. దానిని చూడడానికే 17 వేల పైచిలుకు జనం వచ్చారు! ముఖాలకు కాగితపు సంచులు తొడుక్కున్నవారున్నారు. కెమెరాలవారు వారినే వెదికి వెదికి ఫోటోలు తీస్తున్నారు. ఆ యేడు ఆ మైదానంలో మెచ్చుకోదగినది అక్కడ అమ్మే వొక మిల్క్‌షేక్ మాత్రమేనని పత్రికలు వ్రాశాయి. నేను రుచి చూశాను; తీపి మరీ యెక్కువ.

మా పక్కన వొక పెద్దాయన కూర్చున్నారు. సంచీ లేదు, అట్టముక్క మీద వ్రాత లేదు, చెవిలో రేడియో తీగ వొకటి. కెమెరా యెవరూ ఆయనవైపు తిప్పలేదు. నేను కొత్తవాడినని గ్రహించి, బంతి బంతికీ ఓపికగా చెప్పారు. మా ఆట క్రికెట్టంటే నవ్వి, అయిదు రోజులా అన్నారు. ఆయన వయస్సు 78. తండ్రి 2004లో పోయారట, గెలుపుకు వొక యేడు ముందు. "2016లో నన్ను ఆగమన్నారు. ఆగాను. ఇప్పుడు మళ్ళీ ఆగమంటున్నారు. ఇరవయ్యేళ్ళవాడికి చెప్పే మాట నాకూ చెబుతున్నారు" అన్నారు. కోపంగా అనలేదు. ఇంటి అద్దె పెరిగిందని చెప్పినట్టుగా అన్నారు.

ఎనిమిదవ ఇన్నింగ్సుదాకా కాలిఫోర్నియా నుంచి వచ్చిన ఏంజెల్స్ జట్టుదే పైచేయి, రెండు పరుగులు. అప్పుడు వైట్ సాక్స్ మూడు చేసి, 3-2తో గెలిచారు! ఓటమి చూడవచ్చిన జనం యేమిచేయాలో తెలియని స్థితిలో పడ్డారు. చప్పట్లు కొట్టేవారు కొందరు, 'టీమును అమ్మెయ్' అని యజమానినుద్దేశించి కేకలు పెట్టేవారు కొందరు, రెండూ కలిపి చేసేవారు మరికొందరు. మా మేనల్లుడు మూడవ తెగ. పెద్దాయన లేచి నిలబడి టోపీ తీసి వూపారు. ఆ తరువాతి రెండురోజులూ కూడా గెలిచి, 27న డెట్రాయిట్‌లో 121వది ఓడారు.

ఈ సంగతులు మన బెంగుళూరువారికి వింతగా తోచవు. 'ఈ సల కప్ నమ్దే' అని మన కుర్రకారు యేటేటా అనుకుని, 2008నుంచి 2025దాకా కాచుకోలేదా? గెలిచిన మరునాడు చిన్నస్వామి మైదానం వాకిట తొక్కిసలాటలో 11 మంది చనిపోయారు. అంతటి ప్రేమకు తగిన ఏర్పాటు చేయవలసినది దానితో సొమ్ము చేసుకునేవారేనని నా అభిప్రాయం.

అంత ఘోరంగా ఓడినందుకైనా వైట్ సాక్స్‌కు మరుసటి యేడు ముందువరుస దక్కిందా అంటే, అదీ లేదు. కావాలని ఓడేవారిని అరికట్టడానికి పెట్టిన కొత్త నిబంధనవల్ల 2025లో పదవ వంతు వచ్చింది. 2024 డిసెంబరులో తమ మేటి పిచ్చర్ గారెట్ క్రోషేను యిచ్చివేశారు. ఎవరికో తెలుసునా? మళ్ళీ బాస్టన్‌కే, సరిగ్గా యెనిమిదేళ్ళకు. 2025 మేలో చికాగోవాడైన పోప్ లియో ఎన్నికైనప్పుడు, ఆయన వైట్ సాక్స్ అభిమాని అని, 2005 ఫైనల్స్ మొదటి ఆటకు వచ్చి కూర్చున్నారని తెలిసి, జట్టువారు ఆ సీటు దగ్గర ఆయన బొమ్మ వేయించారు. ఆ యేడు 102 ఓడారు.

యాజమాన్యం చేతులు మారే ఒప్పందం 2025 జూన్‌లో కుదిరింది గాని, 2029కి ముందు అది జరగదట. ఈ వార్త మా మేనల్లుడు ఫోనులో చెప్పాడు. ఆ పెద్దాయన మళ్ళీ యెప్పుడైనా కనిపించారా అని అడిగాను. వేసవిలో వొకసారి కనిపించారట, అదే వరుసలో, అదే రేడియోతో. "ఆ క్రికెట్టు మామయ్య బాగున్నారా?" అని అడిగారట.