చంద్రయానమును, మేమిడిన సున్నయు

ఈ సంవత్సరపు సంచికకు మేమును నాలుగు మాటలు వ్రాయవలెనని సంపాదక మిత్రులు కోరిరి. ఉపాధ్యాయుడు తన శిష్యుల విజయములను వ్రాయుట సులభము. తన తప్పును వ్రాసికొనుట అంత సులభము గాదు. అయినను విద్యార్థులకు ఎక్కువగా ఉపకరించునది ఆ రెండవదియే యని తోచినందున, చంద్రుని చుట్టు తిరిగి పటము గీసిన యొక యంత్రనౌకను గూర్చియు, దాని మూలమున మేము నేర్చిన పాఠమును గూర్చియు ఇచ్చట వ్రాయుచున్నాము.

మేము సిరిసిల్లలో నేతవారి యింట పుట్టితిమి. అచ్చట మరమగ్గమును సాంచ యందురు. ఆ సాంచల చప్పుడు వినుచు నిద్రించి, వినుచు మేల్కొని పెరిగితిమి. శిక్షణ కళాశాలలో చదువు ముగించిన పిమ్మట మొట్టమొదట కోరుట్లలో నొక పాఠశాలయందు విజ్ఞానశాస్త్రము బోధింప మొదలిడితిమి. ఇప్పుడు జగిత్యాలలో నున్నాము. మేము చెప్పబోవు సంగతి కోరుట్లలో నున్న దినములది. అప్పటికి ఈ మూడు ఊళ్లును కరీంనగరు జిల్లాలోనివే.

2008 అక్టోబరు 22వ తేది ఉదయము 6 గంటల 22 నిమిషములకు శ్రీహరికోట నుండి చంద్రయాన్-1 బయలుదేరెను. పులికాటు సరస్సునకును బంగాళాఖాతమునకును నడుమ నున్న ఆ దీవి అప్పుడు నెల్లూరు జిల్లాలోనిది. కావున మన తెలుగు తీరమునుండియే భారతదేశపు మొదటి చంద్రనౌక వెడలినదని మా పిల్లలు మిక్కిలి గర్వపడిరి. ఆ నౌకలో మనుష్యుడు లేడు. ప్రక్కకు మీటరున్నర గల పెట్టె వంటి దానిలో పదునొకండు పరికరములు మాత్రముండెను. వానిలో అయిదు మన దేశమువారివి, ఆఱు పరదేశములవారివి. నవంబరు 8వ తేదిన అది చంద్రుని కక్ష్యలో ప్రవేశించి, 12వ తేదికి చంద్రతలమునకు 100 కిలోమీటర్ల ఎత్తున నిలిచి తిరుగసాగెను. నవంబరు 14వ తేదిన, అనగా బాలల దినోత్సవమునాడు, దానినుండి విడివడిన చిన్న పెట్టె యొకటి మన మువ్వన్నెల జెండా గుర్తుతో చంద్రుని దక్షిణ ధ్రువమునకు చేరువ పడెను.

ఈ నౌక పటము గీయుట యెట్లని మా తొమ్మిదవ తరగతి పిల్లలు అడిగిరి. మాకు సాంచయే జ్ఞప్తికి వచ్చెను. నాడె ఈ అంచునుండి ఆ అంచునకు, ఆ అంచునుండి ఈ అంచునకు పరుగెత్తుచుండును. ఒక్కొక్క పరుగునకు ఒక్కొక్క పేక పోగు పడును. గుడ్డ మెల్లమెల్లగా ముందునకు జరుగుచుండును. అదేవిధముగా నౌక చంద్రుని ఉత్తర దక్షిణ ధ్రువముల మీదుగా సుమారు రెండు గంటల కొకమారు చుట్టి వచ్చును. దాని క్రింద చంద్రుడు తన చుట్టు తాను మెల్లగా తిరుగుచుండును. అట్లు తిరుగుటకు వానికి 27 దినములకు పైగా పట్టును. కావున నౌక ఒక చుట్టు ముగించి వచ్చునప్పటికి చంద్రుని నడుము సుమారు 33 కిలోమీటర్లు ప్రక్కకు జరిగియుండును. నౌకలోని పటచిత్రణ కెమేరా ఒక్కొక్క పరుగున 20 కిలోమీటర్ల వెడల్పు గల పట్టీని చిత్రించును. అయిదు మీటర్ల వస్తువు దానికి ఒక చుక్కగా నగపడును. ఎత్తుపల్లములు తెలియుటకై అది ముందునకొక చూపు, క్రిందికొక చూపు, వెనుకకొక చూపుగా ఒకే చోటును మూడు మారులు చూచును. ఒక కన్ను మూసికొని సూదిలో దారము గ్రుచ్చి చూడుడు. ఒకటికి మించిన చూపు వలన కలుగు లాభము మీకే తెలియగలదు.

మేమిట్లు నల్లబల్లపై వ్రాయుచుండగా వెనుక బల్లనుండి యొక బాలుడు లేచెను. వాని తల్లి బీడీలు చుట్టి కుటుంబమును పోషించుచుండెను. “సారూ, 33 కిలోమీటర్లు జరిగిన చోట 20 కిలోమీటర్ల పట్టీ వేసినచో నడుమ 13 కిలోమీటర్లు ఖాళీగా మిగులును గదా?” అని అడిగెను. మేము సంతోషించి, “నిజమే నాయనా. ఆ ఎడమును తరువాతి నెలలలో పూరింతురు. అందుకే అది రెండేండ్లు తిరుగవలెనని సంకల్పించిరి” అని చెప్పితిమి. ఆ దినము వానిని తరగతి యెదుట మెచ్చుకొంటిమి. తరువాత జరిగినదానికి మేము సిగ్గుపడుటకు ఈ మెచ్చుకోలు కూడ నొక కారణము.

నౌక రెండేండ్లు తిరుగలేదు. నక్షత్రములను చూచి దిక్కు తెలిసికొను పరికరములు దానిలో చెడిపోయెను. 2009 మే నెలలో దానిని 200 కిలోమీటర్ల ఎత్తునకు చేర్చిరి. వేఱు ఉపాయములతో కొంతకాలము నడిపిరి. ఆగస్టు 29వ తేది తెల్లవాఱకముందే దానితో సంబంధము తెగిపోయెను. అప్పటికి అది పుట్టి 312 దినములు. చంద్రుని చుట్టు 3,400 మారులకు పైగా తిరిగియుండెను. ముఖ్యోద్దేశములు చాలవఱకు నెరవేరినవని సంస్థవారు ప్రకటించినను, మా తరగతిలో నేదో యింటిదీపము ఆఱినట్లుండెను.

తరువాతి నెలలోనే త్రైమాసిక పరీక్షలు వచ్చెను. “చంద్రునిపై నీరున్నదా? కారణము తెల్పుము” అని రెండు మార్కుల ప్రశ్న యొకటి మేమే యిచ్చితిమి. లేదనియు, గాలి లేనందున నీరు నిలువదనియు వ్రాయవలెనని మా యుద్దేశము. ఆ మాటకు ఆధారము లేకపోలేదు. 1969 మొదలు 1972 వఱకు ఆఱు మారులు చంద్రునిపై దిగిన అమెరికావారు 382 కిలోల రాళ్లును మట్టియు తెచ్చిరి. అవి పొడివే యని శాస్త్రజ్ఞులు చిరకాలము నమ్మిరి. మేమును అట్లే చదివి, అట్లే బోధించుచుంటిమి. ఆ బాలుడు మాత్రము ఇట్లు వ్రాసెను: “ఇంతవఱకు దొరకలేదు. చంద్రయాన్ వెదకినది. అది చూచినదంతయు చదివిన పిమ్మట చెప్పవలెను.” మేము దానిని ఎఱ్ఱసిరాతో కొట్టివేసి సున్న యిడితిమి.

సెలవులకు ముందు కాగితములు పంచినప్పుడు వాడు మా యొద్దకు వచ్చి, “సారూ, నౌక వెదకుటకే గదా పోయినది?” అనెను. అప్పుడు మేము, “ఆ నౌక మునిగినది. మునిగిన నౌక వచ్చి నీకు సాక్ష్యము చెప్పునా?” అంటిమి. తరగతి యంతయు నవ్వెను. వాడు తల వంచుకొని పోయి కూర్చుండెను. మేమును ఆ నవ్వులో పాలుగొంటిమి.

దసరా సెలవులకు సిరిసిల్ల పోయితిమి. సెప్టెంబరు 25వ తేది ఉదయము పత్రిక విప్పగా చంద్రునిపై నీటి జాడ కనబడినదను వార్త మొదటి పుటలోనే యుండెను. చంద్రయాన్-1 లోని మూన్ మినరాలజీ మ్యాపర్ అను అమెరికా పరికరము ఆ జాడను కనుగొనెను. ఆ పరికరపు శాస్త్రబృందమునకు నాయకురాలు బ్రౌను విశ్వవిద్యాలయపు కార్లీ పీటర్స్ అను విదుషీమణి. చంద్రునిపై బడి తిరిగివచ్చు సూర్యకాంతిని ఆ పరికరము పరీక్షించును. కంటికి కనబడని పరారుణ కాంతిలో ఒకానొక భాగము కొఱవడి యుండెను. దానిని మ్రింగునది నీరు గాని, నీటికి చుట్టమగు హైడ్రాక్సిలు గాని అని వారు నిర్ణయించిరి. పూర్వము చంద్రుని ప్రక్కగా పోయిన మఱి రెండు నౌకల కొలతలును దానికి తోడ్పడెను. అది చెఱువు గాదు, వాగు గాదు; మట్టి రేణువుల నంటియున్న లేశమాత్రము. టన్ను మట్టి నుండి లీటరు నీరు వచ్చుటయే గొప్ప యని ఆనాడు అంచనా వేసిరి. కాని లేశమైనను ఉన్నది ఉన్నదే. నౌక మూగవోయి నెల కావచ్చినది. అది పంపిన లెక్కలు మాత్రము మాటలాడెను.

మేము పత్రిక మడచి యొక ప్రక్కన బెట్టితిమి. నిజము చెప్పవలెనన్నచో, మాకు మొదట తోచిన ఆలోచన మంచిది గాదు. పరీక్ష ముగిసినది, కాగితములు పంచినారము, పిల్లలు పత్రికలు చదువరు; ఊరకున్నచో ఎవరును అడుగరు గదా యని తలచితిమి. మా నాయన సాంచ యొద్ద నుండెను. మేము సంగతి చెప్పగా ఆయన యంత్రము నాపి, “బిడ్డా, పోగు తప్పినది కనబడినప్పుడు గుడ్డను వెనుకకు త్రిప్పి నేయవలెను. కనబడనట్లు ముందునకు నేసినచో ఆ తప్పు అంగడిలో అందఱికిని కనబడును” అనెను. ఆయన చంద్రుని గూర్చి యేమియు చదివినవాడు గాడు.

సెలవులు ముగిసిన మొదటి దినమున తరగతిలోనే ఆ బాలుని పిలిచితిమి. తప్పు తరగతి యెదుట జరిగినది గనుక దిద్దుబాటును అచ్చటనే జరుగవలెనని తోచెను. పత్రిక చదివి వినిపించి, “మేము నిన్ను పరిహసించుట తప్పు. నీ కాగితము తెమ్ము, రెండు మార్కులు వేసెదము” అంటిమి. వాడు కాగితము తెచ్చెను గాని వెంటనే ఈయలేదు. “సారూ, నీరున్నదని నేను వ్రాయలేదు. చూచి చెప్పవలెనని మాత్రమే వ్రాసితిని” అనెను. నీరున్నదని ముందే కనిపెట్టినవాడనిపించుకొనుట వాని కిష్టము లేకపోయెను. మేము, “రెండు మార్కులు అందుకే” అని చెప్పి సున్నను కొట్టివేసితిమి. ఈసారి ఎవరును నవ్వలేదు.

నాటినుండి మేము బోధనలో నొక నియమము పెట్టుకొంటిమి. తెలిసినదానిని తెలిసినదనియు, ఇంకను వెదకుచున్నదానిని వెదకుచున్నారనియు వేఱువేఱుగా చెప్పుదుము. పటమునందు ఖాళీ మిగిలిన చోట రంగు పూసి నింపుట పటము గీయుట గాదు.

ఆ నౌక కథ అంతటితో ముగియలేదు. 2016లో అమెరికాలోని గోల్డ్‌స్టోను పెద్ద యాంటెనా నుండి రాడారు కిరణములను పంపి, మఱొక దూరదర్శినితో వాని ప్రతిధ్వనులను పట్టి వెదకగా, చంద్రయాన్-1 ఇంకను సుమారు 200 కిలోమీటర్ల ఎత్తున చంద్రుని చుట్టు తిరుగుచునే యున్నట్లు కనుగొనిరి. మునిగినదని మేము పలికిన మాట కూడ తప్పేయని అప్పుడు తెలిసెను. అది మునుగలేదు, మూగవోయినది మాత్రమే. 2019లో చంద్రయాన్-2 వెడలెను. దాని దిగుడు నౌక విఫలమైనను, చుట్టు తిరుగు నౌక నిలిచి చంద్రుని మఱింత సూక్ష్మముగా చిత్రించెను. 2023 ఆగస్టు 23వ తేదిన చంద్రయాన్-3 దక్షిణ ధ్రువ ప్రాంతమున సుఖముగా దిగెను. దిగుటకు తగిన చోటు నేర్పరచుటలో ఆ చిత్రములు తోడ్పడెను. ముందు పోయినది నేసిన గుడ్డపైననే వెనుక వచ్చినది కాలు మోపినది.

ఆ సాయంకాలము జగిత్యాలలో మా పిల్లలతో గూడి ఆ దృశ్యమును చూచితిమి. అందఱును చప్పట్లు కొట్టుచుండగా మాకు కోరుట్ల తరగతిలోని వెనుక బల్ల జ్ఞప్తికి వచ్చెను.

ప్రియ విద్యార్థులారా, మీ జవాబు కొట్టివేయబడినప్పుడు మర్యాదతో లేచి కారణము అడుగుడు. తలిదండ్రులారా, మీ బిడ్డలు అడుగు ప్రశ్నలను విసుగుకొనక వినుడు. తోడి ఉపాధ్యాయులారా, ఎఱ్ఱసిరా కలము చేతనున్నప్పుడు ఒక్క నిమిష మాలస్యము చేయుడు. ఆ కలముతో వేసిన సున్నను దిద్దుటకు మాకు చంద్రమండలమునుండి వార్త రావలసివచ్చెను. అన్ని సున్నలకును అట్టి వార్తలు రావు.